ఘన్‌పూర్‌లో పసుపు పూసిన ఎలుకలు

వరంగల్‌కు కొందరు కోట చూడటానికి వెళ్తారు. కొందరు మిర్చి బేరాలకో పెళ్లిళ్లకో వెళ్తారు. నేను ఎనిమిది తెల్ల ఎలుకల్ని దిగబెట్టడానికి వెళ్లాను. తిరిగొచ్చాక ప్రతివాడూ ‘వరంగల్ ఎలా ఉంది?’ అనే అడిగాడు. ఎలుకలు ఎలా ఉన్నాయని అడిగినవాడు లేడు. దారిలో ఒక్కావిడ మాత్రం అడిగింది. ఆవిడకు జవాబు చెప్పడం కన్నా మీకు చెప్పడమే తేలికని రాస్తున్నాను.

సికింద్రాబాద్

ముందు ఎలుకలకు వరంగల్‌లో ఏం పనో చెప్పాలి.

నాతో ఎమ్మెస్సీ చదివిన సరోజనది వరంగల్, మట్టెవాడ. అక్కడే ఉండి పీహెచ్‌డీ చేస్తోంది. నేను హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో ఎలుకల గదికి అధిపతిని. అంటే వాటి కింద పొట్టు మారుస్తాను. సరోజన థీసిస్ అంతా ఎలుక రక్తంలో తిరిగే ఒక తెల్లకణం గురించి. దానికి దొరలు ‘సహజ హంతక కణం’ అని పేరు పెట్టి ఇంకా పదేళ్లు నిండలేదు. పేరు వింటే మీసాలూ గుర్రమూ ఉంటాయనిపిస్తుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఓ గుండ్రటి మరక, అంతే. కాకపోతే కేన్సర్ పట్టిన కణం ఎదురైతే, ఎవరూ చెప్పకుండానే, పూర్వపరిచయం లేకుండానే ఆ మరక దాన్ని చంపేస్తుంది.

ఎలా గుర్తుపడుతుందంటే ఎవరికీ తెలియదు. హంతక కణం ఒంటిమీద మీటల్లాంటివి ఏవో ఉంటాయనీ, చెడ్డ కణం తగలగానే మీట నొక్కుకుంటుందనీ, దాంతో ఇది రెచ్చిపోతుందనీ పెద్దల ఊహ. ఆ మీటను కళ్లారా చూసినవాడు ఇప్పటికైతే లేడు. చూడనిదాని గురించి పుస్తకాలు రాయడం మన దేశంలో కొత్త కాదు కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు.

సరోజన ప్రశ్న చిన్నది. ఆ మీటను ఒకసారి నొక్కితే కణం రెచ్చిపోతుంది, సరే. రోజులతరబడి అదేపనిగా నొక్కుతూ పోతే? వాళ్ల ప్రొఫెసర్‌గారు సాన పట్టిన కత్తిలా పదునెక్కుతుందన్నారు. సరోజన మొద్దుబారుతుందంది. గైడు మాట కాదన్నాక రుజువు చూపించాలిగదా. చూపించేలోగా వాళ్ల ఎలుకల గదిలో ఏదో జబ్బు వచ్చి ఎలుకలన్నీ పోయాయి. దాంతో పని నా నెత్తిన పడింది. ఎనిమిది ఆడ ఎలుకల్ని పెట్టుకుని, నాలుగింటికి వారాలతరబడి చంపేసిన కేన్సర్ కణాలు ఎక్కించాను, మీట నొక్కుకుంటూ ఉండాలని. మిగతా నాలుగింటికి ఉత్త ఉప్పునీళ్లు. అన్నీ ఒకే తల్లి కన్నట్టుంటాయి కాబట్టి, కణాలు ఎక్కించిన నాలుగింటి వీపు మీద పిక్రిక్ యాసిడ్‌తో పసుపుపచ్చటి చుక్క పెట్టాను. అన్ని ఎలుకల గదుల్లోనూ ఇదే ఆచారం. కడిగినా పోదు.

ప్రొఫెసర్‌గారు ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు. తర్వాత రాబోయే గైడుగారికి చేపలంటే ప్రాణం. ఈ ఎలుకలు గనక తప్పిపోతే సరోజన ఇన్నేళ్ల పని మూటగట్టి మళ్లీ చేప దగ్గర మొదలుపెట్టాలి. పరీక్షకు కావలసిన కిరణాల మందు బొంబాయి నుంచి వచ్చి కూర్చుంది. అది కూర్చున్నకొద్దీ చచ్చిపోయే రకం. ఆ కిరణాల్ని లెక్కపెట్టే యంత్రం దవాఖానలో ఉంది, దాన్ని బుధవారం వాడుకోనిస్తామన్నారు. నేను సోమవారం బండెక్కాలి.

అంతకుముందు రోజు సరోజన ట్రంకాల్ చేసింది.

“ఎలుకల్ని బెదరగొట్టకు. బెదిరినయంటే కణాలు ఊకెనే మొద్దువడ్తయి, నా లెక్క ఖరాబైతది. జర పైలం.”

“వాటికి పాట పాడమంటావా?”

“నీ పాటకు చస్తయి. నోరు మూస్కొని పట్కరా.”

జనగామ దాకా

నా దగ్గర రెండు పెట్టెలు. చుక్క ఉన్నవి ఒకదాంట్లో, లేనివి ఒకదాంట్లో. కిటికీ పక్క సీటు కింద పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, ఎవరూ అడక్కుండా ఉంటారని ఆశపడ్డాను. ప్యాసింజరు బండిలో ఆ ఆశ పెట్టుకున్నవాణ్ని ఏమనాలో మీకే వదిలేస్తున్నాను.

భువనగిరి రాకముందే ఎదురుసీటాయన వంగి చూశాడు. మిర్చి బేరగాడు, పెద్ద మనిషి. పెద్ద అంటే వయసులో కాదు, వెడల్పులో.

“ఏమున్నయ్ సారూ గండ్ల?”

“ఎలుకలండి.”

“ఎలుకలా! మా గోదాంల మస్తున్నయి గద. ఊకెనే ఇస్తుంటిమి.”

“ఇవి చదువుకున్నవండి.”

నేను చేసిన తప్పు అదే. అరగంటలో రైలుపెట్టె అంతా వచ్చి చూసింది. గుడ్డ ఎత్తడం, “ఛూ” అనడం, వేలితో కొట్టడం. మొదట్లో తట్టినప్పుడల్లా ఎలుకలు ఎగిరిపడ్డాయి. ఆలేరు దాటేసరికి ఎవరు తట్టినా తలెత్తడం మానేశాయి. సరోజన థీసిస్ అక్కడే రాసేయొచ్చు. కిరణాలూ యంత్రాలూ దండగ.

జనగామలో టీ తాగాను, నలభై పైసలు. మా భీమవరంలో కాఫీ తాగనివాణ్ని జబ్బుపడ్డవాడిలా చూస్తారు. ఇక్కడ కాఫీ అడిగితే అలా చూశారు. టీ బాగుంది, ఆ సంగతి మా వాళ్లకు చెప్పకండి. తాగి వచ్చేసరికి మిర్చి బేరగాడు నా రెండో పెట్టెను సీటు కింద నుంచి లాగి దానిమీద కూర్చుని ఉన్నాడు.

“అయ్యో, ఎలుకలండీ!”

“నా సీట్ల ముసలామె కూసుంది. నేనేడ కూసోవాలె?”

ఆయన లేచాడు. పెట్టె మూత లేవలేదు, రెండు చెక్కలైంది. ఎలుకలు నాలుగూ ఒక మూల కుప్పగా బతికే ఉన్నాయి. అంతటి మనిషి కిందపడి బతికాయంటే వాటి వంశాన్ని మెచ్చుకోవాలి. అందరూ అయ్యయ్యో అన్నారు. ఒకాయన గొలుసు లాగుదామన్నాడు. నేను మాత్రం మహా నిబ్బరంగా ఆ నాలుగింటినీ పట్టుకుని మొదటి పెట్టెలో కలిపేశాను. వీపు మీద చుక్కలు ఉన్నాయిగా, ఇంక ఫికరెందుకు అనుకున్నాను. నా తెలివితేటలకు నేనే ముచ్చటపడి ఇంకో టీ తాగాను.

స్టేషన్ ఘన్‌పూర్

ఘన్‌పూర్‌లో బండి ఆగి, ఇక కదలనంది. ఇంజను చెడిందని ఒకరు, ముందు పట్టాల మీద పని జరుగుతోందని ఒకరు. డ్రైవరు చెట్టుకింద పడుకున్నాడు కాబట్టి నేను మూడోమాట అడగలేదు. రేకు పెట్టె పెనంలా కాలుతోంది. లోపల ఎలుకలు పొట్టలు నేలకానించి బల్లపరుపుగా పడున్నాయి. గుడ్డ తడిపి తెద్దామని, పెట్టెను వదల్లేక పెట్టెతో సహా దిగి, స్టేషను చివర కుళాయి దగ్గరికి నడిచాను. నేను వచ్చినట్టు తెలిసిందేమో, కుళాయి ఆగిపోయింది. అదే ముహూర్తానికి బండి బయల్దేరింది. వెళ్తున్న కిటికీలోంచి మిర్చి బేరగాడు నాకు ఎంతో ఆప్యాయంగా చెయ్యి ఊపాడు.

బస్సుకు వెళ్లాను. కండక్టరు గుడ్డ ఎత్తి చూసి, “ఎలుకలతోని బస్సెక్కుతవా? ప్లేగు తెస్తవా ఊరికి?” అన్నాడు. అదే బస్సులో ఒక మేకపోతు టిక్కెట్టు లేకుండా కూర్చునుంది. దానికీ నాకూ ఉన్న తేడా ఏమిటని అడిగాను. “అది మనూరిది” అన్నాడు.

మళ్లీ ప్లాట్‌ఫారం మీదికి వచ్చి కూలబడ్డాను. అక్కడ బండ్ల దగ్గర ఉడికించిన శనగలు అమ్ముకునే ముసలావిడ నన్ను ఇందాకటి నుంచీ చూస్తోంది. వాటిని ఇక్కడ గుడాలంటారు.

“ఏమైంది బిడ్డా, బండి పాయెనా?”

“పోయింది మామ్మగారూ.”

“మామ్మెవలు? అవ్వా అను. గా డబ్బల ఏంది?”

చెప్పాను. ఆవిడ భయపడలేదు, అసహ్యించుకోలేదు. గుడ్డ ఎత్తి చూసి రెండు చేతులూ జోడించింది. “దేవుని బండి” అంది. వినాయకుడి వాహనమట. మా గదిలో ఇలాంటి వాహనాలు కొన్ని వందలున్నాయని చెప్పి ఆవిడ భక్తిని పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నాను. అదీకాక ఆవిడ అప్పటికే గంప నెత్తినెత్తుకుని, “ఎలుకలు సస్తయి ఈ ఎండకు, నడువు” అంటోంది. నేను చస్తానని మాత్రం అనలేదు.

ఇల్లు ఊరి చివర. కొడుకు ఐలయ్య వ్యవసాయం చేస్తాడు. బావి పక్క నీడలో, తడి గోనెపట్టా మీద పెట్టె పెట్టించాడు. కాసేపటికి ఎలుకలు లేచి మూతులు కడుక్కోవడం మొదలెట్టాయి. నాకూ ప్రాణం లేచొచ్చింది గానీ, బయటికి మాత్రం ఆవులించాను.

“యాడికి తీస్కపోతానవ్ వీటిని?” అన్నాడు ఐలయ్య.

“వరంగల్. రేపు కాక ఎల్లుండి వాటితో పరీక్ష ఉంది.”

“ఎలుకలు పరీక్ష రాస్తయా? మా బామ్మర్ది మూడుసార్లు రాసి ఫెయిలైండు. జర వానిపేరు గూడ రాయిమను.”

రాత్రికి జొన్నరొట్టె, పచ్చిపులుసు. మా వైపు చారు కాచకుండా పోస్తే అల్లుడు అలిగి వెళ్లిపోతాడు. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నలిపేసి పోశారు, పొయ్యి ముఖం చూపించలేదు. నాలుగోసారి పోయించుకుంటుంటే అవ్వ కొడుకుతో, “ఆంధ్రోళ్లకు ఇండ్ల పులుసు పొయ్యరా ఏంది?” అని మెల్లగా అడిగింది. మెల్లగా అంటే వీధి చివరికి వినబడేలా.

తెల్లారి నేను బావి దగ్గర స్నానం చేసి వచ్చేసరికి అవ్వ పెట్టె ముందు కూర్చునుంది. పక్కన పసుపు, కుంకుమ పళ్లెం. రెండు అగరొత్తులు. పెట్టెలో ఎనిమిది ఎలుకలు, ఎనిమిది నొసళ్ల మీద కుంకుమ, ఎనిమిది వీపుల మీద పసుపు చుక్కలు.

ఎనిమిది.

“అవ్వా, ఏం చేశావ్?”

“ఎవలో గని సగం పూజ చేసి ఇడిసిపెట్టిన్రు బిడ్డా. నాలుగింటికి పసుపు వెట్టిన్రు, నాలుగింటిని మరిసిన్రు. దేవుని పని సగంల ఆపద్దు. ఉన్నయాటి జోలికి పోలే, లేనియాటికి వెట్టిన.”

“ఏవి నువ్వు పెట్టినవి?”

పెట్టెలోకి వంగి చాలాసేపు చూసింది. ఒకదానిమీద ఒకటెక్కి దొర్లుతున్నాయి. ఒకదాని చుక్క ఇంకోదాని పొట్టకు అంటుతోంది. తెల్లబొచ్చుకు పట్టిన పసుపు కడిగినా పూర్తిగా పోదు.

“అన్నీ ఒక్కతీరే ఉన్నయి గద” అని సంతోషంగా నవ్వింది. “గిప్పుడు మంచిగున్నయి.”

పొద్దున్నే లేచి, తలస్నానం చేసి, అగరొత్తులు ముట్టించిన మనిషిని తిట్టే మాట మా భీమవరంలో తయారవలేదు. సరోజనకు చేపలు రాసిపెట్టి ఉన్నాయనుకుని పెట్టె ఎత్తుకున్నాను. ఐలయ్య స్టేషను దాకా వచ్చి, బండెక్కించి, “పరీక్ష మంచిగ రాయిపియ్యి సారూ” అని సాగనంపాడు.

మట్టెవాడ

కాజీపేట దాటితే వరంగల్. రిక్షా మట్టెవాడ సందుల్లో దూరింది. దుకాణాల ముందు బస్తాలు, బస్తాల మీద యజమానులు, యజమానుల మీద ఈగలు. మిరపఘాటుకు నేను తుమ్మాను, ఎలుకలు తుమ్మాయి, రిక్షావాడు మమ్మల్నందర్నీ తిట్టాడు. సరోజన వాళ్లది కింద కిరాణా దుకాణం, పైన ఇల్లు. వాళ్ల నాన్న తూకం వేస్తూనే “దా బిడ్డా, మీదికి పో” అన్నారు. ఆయన నోటినిండా పాన్ ఉంది కాబట్టి, ఆ మాట ఇదే అయ్యుంటుందని ఊహించి రాస్తున్నాను.

సరోజన మూత తీసింది. చూసింది. ఇంకోసారి చూసింది.

“గిదేంది? ఎనిమిదింటికీ చుక్కలేంది?”

చెప్పాను. దారిలో తయారుచేసుకున్న జోకు కూడా వదిలాను: “అన్నీ ముత్తయిదువలైపోయాయి.”

నవ్వలేదు. గోడకానుకుని కింద కూర్చుంది.

“నవ్వులాటనా? సగం తప్పువోతె సగం మిగులుతదనుకుంటానవా? ఏది ఏదో తెల్వకుంటె నా మాట ఉల్టా అయితది. మొద్దువడ్డయాటిని పదునెక్కినయంట, పదునెక్కినయాటిని మొద్దువడ్డయంట. సారు మాటనే ఖాయమైతది, నా చేతులతోనే.”

“మళ్లీ చేద్దాం. నేనే...”

“మళ్లంటె ఎన్ని వారాలు? సారు పోతాండు. మందు సస్తాంది. పో, చేపలు కొనుక్కరాపో.”

నేను మంచినీళ్లు అడిగాను.

నీళ్లు తెచ్చిన వాళ్లమ్మ సంగతంతా విని, కూతురి ముఖం చూసి, ఒక్కమాటలో తేల్చేసింది: “దిష్టి తగిలింది.” ఐదేళ్ల పరిశోధన, బొంబాయి మందు, ప్యాసింజరు బండి, అవ్వ, అన్నీ కలిపి దిష్టి. నాకు నవ్వొచ్చింది. ఆవిడ ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు కలిపి, భర్త పాన్‌డబ్బాలోంచి వేలితో ఇంత సున్నం తీసి అందులో వేసింది. నీళ్లు రక్తంలా ఎర్రబడ్డాయి. మా ఇంట్లోనూ తీస్తారు ఈ ఎర్రనీళ్లు. పెళ్లికొడుకులకీ, బాలింతలకీ, కొత్త స్కూటర్లకీ. ఎలుకల పరిశోధకురాలికి తీయడం ఇదే మొదలనుకుంటాను. ఆ మాటే అందామని నోరు తెరిచాను.

సరోజన వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఆగమ్మా.”

“ఆగుడేందే? దిష్టి తియ్యంగ ఆపద్దు.”

“మళ్ల కలుపు. వేరే గిన్నెల. పసుపు వెయ్యి, సున్నం వెయ్యి.”

“పిచ్చిగిట్ల లేసిందా?”

“పసుపు సున్నానికి ఎర్రగైతది, అమ్మా. మరి పిక్రిక్ అయితదా?” అని నావైపు తిరిగింది. నేను ఎమ్మెస్సీ మొదటి శ్రేణిలో పాసైనవాణ్ని. నాకు తెలియలేదు. ఆమెకూ తెలియదు. సున్నం డబ్బా ఎత్తుకుని వాళ్ల కాలేజీకి పరుగెత్తాం. అంతకుముందు వాళ్లమ్మ దిష్టి పూర్తిగా తీసి, నీళ్లు వీధిలో పారబోసి, అప్పుడే గడప దాటనిచ్చింది.

అక్కడ రెండు దూది ఉండలు. ఒకదానికి పసుపు, ఒకదానికి పిక్రిక్. రెండింటి మీదా సున్నపు తేటనీళ్లు ఒక్కో చుక్క. పసుపుది ఎర్రబడింది. పిక్రిక్‌ది పసుపుపచ్చగానే ఉండిపోయింది. తర్వాత ఎలుకలు. నేను పట్టుకున్నాను, సరోజన దూది తడిపి వీపు మీద అద్దింది. మొదటిది ఎర్రబడింది. రెండోది మారలేదు.

నాలుగు ఎర్రబడ్డాయి, అవ్వ పెట్టినవి. నాలుగు పచ్చగా మిగిలాయి, నేను పెట్టినవి. ఒకటి మధ్యలో తగువు పెట్టి, ఎరుపా కాదా అని ఇద్దర్నీ కిటికీ దగ్గరికి పరుగెత్తించి, చివరికి చెవి వెనక ఎర్రబడి దారికొచ్చింది. వాటి వీపులు నీళ్లతో కడిగి, తుడిచి, రెండు పెట్టెల్లో సర్దాం. అప్పుడు సరోజన నవ్వింది. ముత్తయిదువల జోకుకు.

ఖిలా వరంగల్

బుధవారం పొద్దున్నే అసలు పని. దాని సంగతి ఒకటి చెప్పాలి. హంతక కణాలు ఎక్కువగా దొరికేది ఎలుక ప్లీహంలో. ప్లీహం కావాలంటే ఎలుక ఉండదు. ఈ మాట నేను ఇంతవరకూ చెప్పలేదు, మీరూ అడగలేదు. పని త్వరగా, శుభ్రంగా అయిపోయింది. నొసటి మీద కుంకుమ మాత్రం ఇంకా పోలేదు.

ఆ కణాల్ని, కిరణాల మందు పట్టించిన కేన్సర్ కణాలతో కలిపి గంటలతరబడి వెచ్చగా ఉంచాలి. ఎన్ని చచ్చాయో తర్వాత యంత్రం చెప్తుంది. ఆ మధ్యలో నేను మాట్లాడుతుంటే గిన్నె జారేలా ఉందని సరోజన నన్ను కోట చూసి రమ్మంది.

చూశాను. నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు. గోడ లేదు, తలుపు లేదు, గుడి లేదు, ద్వారం మాత్రం ఉంది. ఏ ఇంట్లోకి వెళ్లడానికో తెలియకుండా ఇంత అందంగా గుమ్మం చెక్కినవాళ్లను నేను మా వైపు చూడలేదు. మా వైపు ఇల్లు కడతాం, గుమ్మానికి డబ్బు చాలదు. చెక్కిన హంసల్ని చూస్తుంటే నోటివెంట “అబ్బ” అని వచ్చింది. వెంటనే చుట్టూ చూశాను, ఎవరైనా విన్నారేమోనని.

విన్నాడు. తోరణం పక్కన ఒక రైతు మిరపకాయలు ఆరబోస్తున్నాడు. కోటలోపలే ఇల్లు, కోటలోపలే పొలం.

“చూడనీకి వచ్చినవా అన్నా? అందరు గట్లనే అంటరు.”

“నీకేమనిపించదా?”

“పుట్టినప్పట్నుంచి చూస్తాన్న. మొదట ఏమన్న అనిపించిందో ఏమో, గిప్పుడైతే దీని నీడ మిరపకాయల మీద పడ్తాందని ఎండలకు గుంజుకుంటాన్న.” ఒక కాయ విరిచి వాసన చూపించాడు. “గిదైతే రోజూ కొత్తగనే ఉంటది.”

నిజమే, తుమ్ములొచ్చాయి. ఆ తుమ్ములతోనే దవాఖానకు చేరాను.

యంత్రం పక్కన సరోజన, ప్రొఫెసర్‌గారు. కాగితం మీద అంకెలు చుక్కలుచుక్కలుగా దిగుతున్నాయి. సరోజన పెదాలు మెదులుతున్నాయి. చివరి గొట్టం లెక్క దిగాక కాగితం చింపి, నా చేతిలో పెట్టింది. ఎర్రబడ్డ నాలుగింటి కణాలు కేన్సర్ కణాల్ని బాగానే చంపాయి. పచ్చగా మిగిలిన నాలుగింటివి, నేను వారాలతరబడి మీట నొక్కినవి, పక్కనే శత్రువు ఉన్నా కూర్చుని చూశాయి.

ప్రొఫెసర్‌గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఒకసారి కాదు.

“మొద్దుబారాయమ్మా” అన్నారు చివరికి. “రాసుకో. ఆ సున్నం సంగతి మాత్రం థీసిస్‌లో పెట్టకు.”

“పెడ్త సార్. గుర్తులు ఎట్ల తేల్చిన్నో రాయకపోతె ఎవలు నమ్ముతరు?”

“నవ్వుతారమ్మా.”

“నవ్వనియ్యుండ్రి.”

ఆయన సంతకం పెట్టారు. ఒక్కరోజులో ముసలాయన అయిపోయినట్టనిపించింది, లేకపోతే నేను అప్పుడే చూశానేమో. బయటికొచ్చాక సరోజన, “నీక్కూడ చిన్నప్పట్నుంచి ఎవలో సూదులేసిన్రు. ఏదీ తగలది నీకు” అంది. ప్లీహం తీసి చూడందే అలాంటివి తేల్చకూడదని జవాబిచ్చాను. వాళ్లింట్లో ఆ సాయంత్రం సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి గిన్నెకే అద్ది కాలుస్తారు. ఊడబెరకడానికి మనిషి కావాలి, తినడానికి పళ్లు కావాలి. నాకు రెండూ ఉన్నాయి. వాళ్లమ్మ మాత్రం అంతా దిష్టి తియ్యడం వల్లే అని వీధంతా చెప్పింది. కాదని రుజువు చెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు.

తిరుగు బండి

మర్నాడు ఖాళీ పెట్టెతో బండెక్కాను. ఘన్‌పూర్‌లో ఆగకుండా పోతే బాగుండుననుకున్నాను. నేను అనుకున్నాక అది ఆగక మానదు. ఆగింది. కిటికీ దగ్గర్నుంచి లోపలికి జరిగాను గానీ, గంప అప్పటికే కిటికీలోకి వచ్చేసింది.

“బిడ్డా! నువ్వేనా? గా పరీక్ష ఏమాయె?”

“పాసయ్యారు అవ్వా. మా స్నేహితురాలు పాసైంది.”

“గట్ల చెప్పు! పూజ ఊకెనే పోతదా?” అని పక్క గంపావిడకు వినబడేలా అంది. తర్వాత కిటికీ ఊచలకు ముఖం ఆనించి, సీటు కింద వెతుకుతూ, “ఎలుకలు మంచిగున్నయా?” అంది.

నేను జీవితంలో చాలా నాటకాలకు తెర దించాను. పెళ్లిలో అలిగిన మామగార్ల దగ్గర్నుంచి, కన్నీళ్లు పెట్టుకునే లెక్చరర్ల దాకా. ఒక్కమాట చాలు. ఆ మాట నోట్లోనే ఉంది.

“అక్కడే ఉంచేశాం” అన్నాను.

“మంచిగ చేసిన్రు. పిల్లలు వెట్టినయా?”

ఎనిమిదీ ఆడవే. బతికున్నా పెట్టవు.

“ఇంకా లేదవ్వా.”

“పెడ్తయి, పెడ్తయి. తొందరేముంది?” ఆకు పొట్లంలో గుడాలు పోసి నా చేతిలో కుక్కింది. జేబులో చెయ్యి పెడితే కసిరింది. “నీకు గాదు, వాటికి. మళ్ల పోయినప్పుడు తీస్కపో. వాటికని ఉప్పు ఎయ్యలే.”

బండి కదిలింది. ఆవిడ పక్క కిటికీకి వెళ్లిపోయింది, అమ్ముకోవాలిగా.

జనగామ దాటాక పొట్లం విప్పాను. నిజంగానే ఉప్పు వెయ్యలేదు.